కాదనడానికి వీల్లేనిది ఫీజు ఎలా అవుతుంది?

పోయిన ఆదివారం మా ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పి, "చూడు, ఇప్పుడు మొత్తం కలిపే చూపిస్తున్నారు. ఇక నీ గొడవ తీరినట్టేగా" అన్నారు. ఫిబ్రవరిలో వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవులకి పిల్లల్ని మళ్ళీ కొలరాడో మంచుకి తీసుకెళ్దామని హోటళ్ళు వెతుకుతున్నాం. తెర మీద పెద్ద అక్షరాల్లో ఒక్కటే అంకె. దాని మీద నొక్కితే కింద రెండు వరసలు: గది అద్దె ఇంత, రిసార్ట్ ఫీజు ఇంత. సౌకర్యాల పేరు చెప్పి, వాడుకున్నా వాడుకోకపోయినా గది అద్దె మీద అదనంగా తీసుకునేది ఈ ఫీజు. నా గొడవ దాని గురించే. రెండేళ్ళ కిందట ఇలా లేదు. అప్పుడు పైన కనిపించేది గది అద్దె ఒక్కటే. ఫీజు సంగతి ఎక్కడో చివర్లో తెలిసేది.

ఆయన అన్నది నిజమే, దాచిపెట్టడం చాలావరకు పోయింది. అయినా నా గొడవ తీరలేదు. ఎందుకు తీరలేదో ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. "ఎంతో కళ్ళకి కనిపిస్తోంది. ఇష్టమైతే తీసుకో, లేకపోతే మానెయ్. ఇంకేం కావాలి నీకు?" అని అడిగితే నా దగ్గర మాట లేదు. వారం రోజులు అదే మనసులో తిరుగుతోంది. వంట చేస్తున్నా అదే, ఆఫీసుకి కారు నడుపుతున్నా అదే.

ఇప్పుడు నాకు దొరికిన జవాబు ఇది. వద్దు అనే వీలు లేనిదాన్ని ఫీజు అనకూడదు. అది గది ధరలో భాగం, అందులోనే ఉండాలి. ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా సరే, విడిగా రాయడం దగ్గరే తప్పు మొదలవుతోంది.

రెండేళ్ళ కిందటి బిల్లు

అది 2024 ఫిబ్రవరి. మేముండేది టెక్సస్‌లో ఫ్రిస్కోలో. కొలరాడోలో కూడా ఒక ఫ్రిస్కో ఉంది, సమ్మిట్ కౌంటీ కొండల మధ్య చిన్న ఊరు. దాని సంగతి తర్వాత చెప్తాను. అప్పుడు మాత్రం ఆ ఊరు దాటి, స్కీ చేసేవాళ్ళని కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టుల పక్కనే ఉన్న హోటల్ బుక్ చేశాను. పిల్లలు చిన్నవాళ్ళు, అత్తయ్య కూడా మాతో వస్తున్నారు. ఆ బరువు బూట్లు తొడుక్కుని, స్కీలు భుజాన వేసుకుని దూరం నుంచి రావడం మావల్ల కాదనిపించింది. హోటల్ పేరు అనవసరం.

గది రాత్రికి 340 డాలర్లు. నెల ముందు బుక్ చేసుకున్నందుకు 15 శాతం తగ్గింపు. అంటే 51 పోగా 289. మూడు రాత్రులకి 867. ఖర్చులు రాసుకునే నోట్‌బుక్‌లో ఆ అంకె వేసి కింద గీత కూడా గీశాను.

తీరా డబ్బు కట్టే పేజీకి వచ్చాక రాత్రికి 42 డాలర్ల రిసార్ట్ ఫీజు కనిపించింది. నాకు తెలియకుండా లాగేశారని అనను. చూశాను. కానీ అప్పటికే విమానం టికెట్లు కొనేశాం, అద్దె కారు మాట్లాడేశాం, మావాడు బడిలో అందరికీ చెప్పేసుకున్నాడు. అరగంట నుంచి పేర్లు, అడ్రసు, కార్డు నంబరు కొడుతూ కూర్చున్నాను. ఇదంతా వదిలేసి మళ్ళీ మొదట్నుంచి ఇంకో హోటల్ వెతికే ఓపిక లేదు. వెతికినా అక్కడ చివరి పేజీలో ఏముంటుందో ఏం తెలుసు? "సర్లే, ఏడాదికి ఒక్కసారేగా" అనుకుని నొక్కేశాను. ఈ ఫీజు బతికేది ఆ "సర్లే" మీదే.

అక్కడికి వెళ్ళాక కారు పెట్టుకోవడానికి రాత్రికి 30 అన్నారు. పన్నులతో సహా చివరికి కట్టింది 1,202 డాలర్లు. 867 అనుకున్నది తడిసి మోపెడైంది. అయితే నన్ను బాగా బాధపెట్టింది ఆ మొత్తం కాదు. ఇంటికొచ్చి బిల్లు ముందు పెట్టుకుని లెక్క చూస్తే ఒక చిన్న విషయం తేలింది. తగ్గింపు ఇచ్చింది గది అద్దె మీదే, ఫీజు మీద లేదు. ఫీజు 42, దాని మీద పన్ను 5, కలిపి 47. రాత్రికి 51 డాలర్లు తగ్గించామని చెప్పి ఆ పక్కనే 47 తీసేసుకున్నారు. నేను అంత సంబరపడ్డ తగ్గింపు చివరికి నాలుగు డాలర్లు.

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద బయల్దేరి ఐసెన్‌హోవర్ సొరంగం దాటేసరికే చీకటి పడిపోయింది. ఆ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంటుంది. అత్తయ్యకి అక్కడే తలనొప్పి మొదలైంది. హోటల్ రిసెప్షన్‌లో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉంది. పెరూలో చదువుకుంటోందట, జె-1 వీసా మీద ఈ నాలుగు నెలలు పనిచేయడానికి వచ్చిందట. ఫీజు దేనికమ్మా అని అడిగితే ప్లాస్టిక్ అతికించిన కాగితం ఒకటి తీసి చదివింది. వైఫై, జిమ్, హాట్ టబ్ అనే వేడినీళ్ళ తొట్టి, స్కీలు దాచుకునే గది, షటిల్, సాయంత్రం హాట్ చాక్లెట్, లోకల్ ఫోన్ కాల్స్. ఒక్కో మాట కిందా వేలు పెట్టుకుంటూ చదివింది, తప్పు పోకూడదని.

హాట్ టబ్ తలుపుకి రిపేరులో ఉందని కాగితం అంటించి ఉంది. మా పిల్లలు రెండు వారాలుగా కలవరించింది దాని గురించే. మర్నాడు పొద్దున వెళ్ళి, టబ్ లేదు కదా, ఆ మేరకి ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో అటూ ఇటూ వెతికి, ఆ వరస తీసేసే వీలు తనకి లేదంది. మేనేజర్ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఫీజు అన్నిటికీ కలిపి తీసుకునేదట, ఒక్కోదానికీ ఇంతని ధర ఉండదట. వాడుకోకపోయినా అంతే, ఏదైనా పనిచేయకపోయినా అంతే.

మేం తిరిగి వస్తుంటే ఆ అమ్మాయి సొరుగులోంచి హాట్ చాక్లెట్ ప్యాకెట్లు నాలుగు తీసి పిల్లల చేతుల్లో పెట్టింది. తను పెట్టని ధర, తను మార్చలేని ధర. వచ్చిన ప్రతివాళ్ళకీ దానికి సంజాయిషీ చెప్పుకోవలసింది మాత్రం ఆ పిల్ల.

అత్తయ్య ఆ మూడు రోజులూ శాలువా కప్పుకుని లాబీలో మంట దగ్గర కూర్చున్నారు. ఆ ఎత్తు ఆవిడకి పడలేదు. బిల్లు గురించి మేం మాట్లాడుకుంటుంటే విని, "నేను ఏదీ ముట్టుకోలేదు కదమ్మా, నాక్కూడా కట్టారా?" అని అడిగారు. "మనిషికి కాదత్తయ్యా, గదికి" అన్నాను. "గదికయితే గది అద్దెలోనే ఉండాలిగా" అన్నారావిడ. అప్పుడు ఆ మాటని పట్టించుకోలేదు. ఇప్పుడు నేను చెప్తున్నదీ అదే.

ఇంకోటి. ఆ కాగితంలో షటిల్ అని ఉంది కదా, అటూ ఇటూ తిప్పే బండి. మేం సాయంత్రాలు ఊళ్ళోకి వెళ్ళింది హోటల్ ముందు ఆగే బస్సులో. సమ్మిట్ కౌంటీలో సమ్మిట్ స్టేజ్ బస్సులకి టికెట్ లేదు, ఎవరైనా ఎక్కి తిరగొచ్చు. బ్రెకెన్‌రిడ్జ్ ఊళ్ళో తిరిగే ఫ్రీ రైడ్ బస్సులూ అంతే. హోటల్లో ఉన్నా లేకపోయినా ఊరు అందరికీ ఊరికే ఇస్తున్న సౌకర్యం అది.

రూల్ ఎక్కడిదాకా వచ్చింది

2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనేవాళ్ళు మోసపోకుండా చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్ అమల్లోకి వచ్చింది. హోటళ్ళు, కొద్దిరోజులకి అద్దెకిచ్చే ఇళ్ళు, కచేరీలు, మ్యాచ్‌ల టికెట్లు అమ్మేవాళ్ళు, తప్పనిసరిగా కట్టాల్సినవన్నీ కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలి. మిగతా అంకెలకన్నా అది కొట్టొచ్చినట్టు కనిపించాలి. 2026 జనవరి 1 నుంచి కొలరాడోకి తనదే అయిన చట్టం కూడా వచ్చింది. అది హోటళ్ళతో ఆగకుండా మిగతా వ్యాపారాలకీ వర్తిస్తుంది.

ఇంత చిన్న పనికి ఎన్నేళ్ళు పట్టిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2012 నవంబరులోనే కమిషన్ 22 హోటల్ సంస్థలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది. 2017లో కమిషన్‌లోనే ఆర్థికవేత్తగా ఉన్న మేరీ సల్లివన్, మొత్తం ముందు చెప్పకుండా ఫీజుని విడదీసి చూపడం కొనేవాళ్ళకి నష్టమేనని నివేదిక రాశారు. 2019లో వాషింగ్టన్ డీసీ మారియట్ మీద, నెబ్రాస్కా హిల్టన్ మీద కేసులు వేశాయి. ఉత్తరాలకీ రూల్‌కీ మధ్య పన్నెండేళ్ళు. విమానం టికెట్లకి ఇదే పని 2012 జనవరిలోనే అయిపోయింది.

రూల్ వచ్చినందుకు నేను నిజంగా సంతోషించాను. మొన్న హోటళ్ళు పోల్చి చూడటానికి పది నిమిషాలు పట్టింది, అంతకుముందు ఒక సాయంత్రమంతా పట్టేది. కానీ ఈ రూల్ ఫీజుని వద్దనలేదు. ఎంతైనా పెట్టుకోవచ్చు, ఏ పేరైనా పెట్టుకోవచ్చు. రిసార్ట్ ఫీజు, డెస్టినేషన్ ఫీజు, అమెనిటీ ఫీజు, మొత్తంలో కలిస్తే చాలు. ప్రభుత్వానికి పోయే పన్నులు ఆ పెద్ద అంకెలో ఉండక్కర్లేదు. "కావాలంటేనే" అనే ఖర్చులూ ఉండక్కర్లేదు. పార్కింగ్ సాధారణంగా అందులోకి వస్తుంది. ముసలావిడతో, ఇద్దరు పిల్లలతో, నాలుగు సూట్‌కేసులతో కొండ మీదికి వచ్చినవాళ్ళు మంచు తీసే బళ్ళు తిరిగే రోడ్డు మీద రాత్రంతా కారు వదిలేయలేరు. కాగితం మీద అది మా ఇష్టం. నిజంగా అక్కడ నిలబడితే ఇష్టమేమీ లేదు.

అన్నయ్యగారి లెక్క

ఫ్రిస్కోలో మాకు బాగా తెలిసినాయన ఒకరున్నారు. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఇంకో ఏడెనిమిది మందితో కలిసి హోటళ్ళలో డబ్బు పెట్టారు. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఇది ఇప్పుడు మామూలే. నిన్న మా కాలనీ సంక్రాంతి భోజనాల దగ్గర ఈ విషయం కదిపాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని ఓపిగ్గా చెప్పారు.

"అమ్మా, వెబ్‌సైట్ తెరిచి ముందేం చేస్తావు? తక్కువ ధర నుంచి వరసగా చూపించమంటావు. పక్కవాడు 289 అని వేసి 42 వెనక దాచాడనుకో. నేను ఉన్నదున్నట్టు 331 అని వేస్తే రెండో పేజీకి పోతాను. అక్కడిదాకా నువ్వు రావు. నా గదులు ఖాళీగా ఉంటాయి. ఒక్కడు మొదలుపెడితే చాలు, ఇష్టమున్నా లేకపోయినా అందరూ దిగాల్సిందే."

ఆయన భయం ఉత్తిది కాదు. స్టబ్‌హబ్ టికెట్ల సైట్ 2014లో ఫీజులన్నీ కలిపిన ధర ముందే చూపడం మొదలుపెట్టింది. మరుసటి ఏడే మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోయింది. ఆ సైట్‌లో చేసిన ప్రయోగంలో, ఫీజు చివర్లో చూసినవాళ్ళు ముందే చూసినవాళ్ళకన్నా దాదాపు 21 శాతం ఎక్కువ ఖర్చుపెట్టారని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. నిజం చెప్పినవాడికి నష్టం వచ్చే బజారు అది. ఒక్కొక్కరి మంచితనానికి వదిలేస్తే అలాంటి చోట ఏదీ మారదు. అందరికీ ఒకే రూల్ ఉండాలన్నది అందుకే. ఇక్కడిదాకా ఆయనదీ నాదీ ఒకటే మాట.

"మరి ఇప్పుడు అందరూ మొత్తమే చూపించాలిగా అన్నయ్యగారూ. రెండో పేజీ భయం పోయింది. ఇప్పుడైనా ఆ 42ని గదిలో కలిపేయొచ్చుగా?" అని అడిగాను.

ఆయన కాసేపు ఆగారు. తర్వాత చెప్పినవి నాకు అంతకుముందు తెలియవు. బుకింగ్ సైట్లకి ఇచ్చే కమిషన్ చాలాచోట్ల గది అద్దె మీదే లెక్కకడతారు, ఫీజు మీద కాదు. స్కీ ఊళ్ళలో హోటల్‌లా కనిపించే గదులు చాలావరకు కాండోలు. ఒక్కో గదికి ఒక్కో ఓనరు ఉంటాడు. అద్దెని ఓనరూ, నడిపే కంపెనీ పంచుకుంటారు. రిసార్ట్ ఫీజు సాధారణంగా ఆ పంపకంలోకి రాకుండా నడిపే కంపెనీకే పోతుంది. హయత్, హిల్టన్ లాంటివి, తరచూ వచ్చేవాళ్ళకిచ్చే పాయింట్లతో బుక్ చేసిన రాత్రులకి ఫీజు తీసుకోవు గానీ, ఉచితం అన్న రాత్రికి కూడా తీసుకునే చెయిన్లున్నాయి. ఇక తగ్గింపు కూపన్లు ఫీజుని తాకవన్న సంగతి నా బిల్లే చెప్పింది.

అప్పుడు అర్థమైంది. ఆ వరస అలా విడిగా నిలబడింది వాళ్ళ పంపకాల కోసం. ఓనరు వాటా, సైట్ కమిషన్, నా కూపను, నా పాయింట్లు, వీటిలో ఏదీ అంటకుండా కొంత డబ్బు పక్కకి రావాలి. ఆ డబ్బుకి ఒక పేరు కావాలి. ఆ పేరుకి ఆధారంగా చూపడానికి ఒక హాట్ టబ్ కావాలి. అది రిపేరులో ఉన్నా పనికొస్తుంది.

ఆ కొండల మీద హోటల్ నడపడం ఖర్చుతో కూడుకున్నదని అన్నయ్యగారు అంటే ఒప్పుకుంటాను. అంత చలిలో నీళ్ళు వేడిగా ఉంచాలి. సీజన్ నవంబరులో మొదలై ఏప్రిల్‌తో అయిపోతుంది, మంచు సరిగ్గా పడని ఏడు ఆ కొద్ది నెలలూ గండమే. పనిచేసేవాళ్ళు ఉండటానికి ఇళ్ళు దొరకవు. అవన్నీ నిజమే. నిజమైన ఖర్చుంటే ధర పెంచండి. 340 చాలకపోతే 382 అనండి. దుప్పట్లు ఉతకడానికీ ఖర్చవుతుంది, లాబీలో మంటకీ ఖర్చవుతుంది. వాటికి వేరే వరసలు రాయడం లేదు కదా.

విడిగా రాస్తే దేనికెంతో తెలుస్తుంది, అది మంచిదేగా అనే మాట కూడా విన్నాను. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. కానీ విడిగా రాసినందుకు నాకేం తెలిసింది? టబ్‌కి ఎంత, జిమ్‌కి ఎంత అని అడిగితే మేనేజర్ దగ్గరే లెక్క లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళే కడతారు

ఇక నాకు బాగా కోపం తెప్పించేది ఇది. ఈ ఫీజు అందరి మీదా ఒకేలా పడదు.

ఏటా స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళని చూడండి. వాళ్ళకి సీజనంతా లిఫ్టులెక్కే పాస్ ఉంటుంది. స్కీ కొండలు నడిపే వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2008లో ఎపిక్ పాస్‌ని 579 డాలర్లకి మొదలుపెట్టింది, 2025-26 సీజన్‌కి అది 1,051తో మొదలైంది. ముందుగా కొనుక్కున్నవాళ్ళు ఎన్నిరోజులైనా వెళ్ళొచ్చు. డిసెంబరు మొదట్లో అమ్మకం ఆపేస్తారు. జనవరిలో పిల్లలు అడిగారని అప్పుడు ఆలోచించే మాలాంటివాళ్ళు రోజు టికెట్ కొనాలి. వెయిల్‌లో రద్దీ రోజుల్లో కౌంటర్ దగ్గర అది ఒక్కరికి 300 డాలర్లు దాటింది. 2025-26 సీజన్‌లో పాస్ ఉన్నవాళ్ళు తమ స్నేహితులకి సగం ధరకి టికెట్ ఇప్పించే ఏర్పాటు పెట్టారు. మంచిదే, కానీ అలాంటి స్నేహితులున్నవాళ్ళకి కదా అది. అలవాటైనవాళ్ళకి సొంత స్కీలుంటాయి. ఏ హోటల్లో ఫీజు ఉండదో, ఏ ఊళ్ళో దిగి బస్సెక్కాలో తెలుసు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇవేవీ తెలియవు. నేను పాతికేళ్ళు దాటాక మొదటిసారి మంచు చూశాను. ఆ మొదటి ట్రిప్‌కి ప్యాంటు ఒకరి దగ్గర, గ్లవ్స్ ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. స్కీలు అద్దెకిచ్చే షాపులో నా బరువు ఎంతని అందరి ముందూ అడిగితే ఎందుకో అర్థంకాక నిలబడిపోయాను. అలాంటి మనిషి హోటల్ పేజీలో చివరి వరసని ఎదిరించి బేరమాడుతుందా? ఎక్కడ చూసినా ఇంతేనేమో, అడిగితే మనకే నామోషీ అనుకుంటుంది. రెండోసారికి తెలుసుకుంటుంది, తప్పించుకునే దారి చూసుకుంటుంది. ఆ ఏడు ఇంకో కొత్త కుటుంబం వస్తుంది. మా వాట్సాప్ గ్రూపులో ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, "రిసార్ట్ ఫీజు అంటే ఏంటండీ, తప్పకుండా కట్టాలా?" అని. అడిగే పేరు మారుతుంది, ప్రశ్న మారదు.

ఇష్టం లేకపోతే పక్క హోటల్‌కి వెళ్ళొచ్చుగా అంటారు. ఊరి మధ్యలో అయితే వెళ్ళొచ్చు. ఇక్కడ కొండ ఒక్కటే. వెయిల్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, కాపర్ మౌంటెన్, వీటి వాలులు చాలావరకు వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లోవి, ప్రజల భూమి. ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ మీద కంపెనీలు నడుపుతాయి. కొండ అందరిదీ, కానీ దాని కిందున్న కాస్త జాగా కొందరిదే. లిఫ్టు దగ్గరికి నడిచి వెళ్ళగలిగే గదులు లెక్కపెట్టినన్నే ఉంటాయి. అక్కడ "మానెయ్" అంటే ట్రిప్పే మానెయ్ అని.

మంచులో జారడానికి వేలు పోసేవాళ్ళు 42 డాలర్ల గురించి ఇంత బాధపడాలా అని ఒకావిడ నన్ను అడిగారు. ఆ మాట నన్ను నిజంగానే ఆలోచనలో పడేసింది. మేం ఆ డబ్బు కట్టగలం. కట్టలేక ఆగిపోయేవాళ్ళం కాదు. కానీ ఈ పద్ధతి కొండ మీద ఆగిపోలేదు. ఇక్కడ టెక్సస్‌లో ఎంఎస్ చదవడానికి వచ్చిన పిల్లలు అపార్ట్‌మెంట్ తీసుకున్నప్పుడు చూడండి. అద్దె ఒకటి చెప్తారు. సంతకం పెట్టేటప్పుడు వాలే ట్రాష్ అని, గుమ్మం దగ్గర పెట్టిన చెత్త తీసుకెళ్ళినందుకు నెలకింత, అమెనిటీ ఫీజు అని ఇంత. చెత్త నేనే తీసుకెళ్ళి పడేసుకుంటాను, నాకొద్దు అంటే కుదరదు. పోయినేడాది మా పిన్నిగారి అబ్బాయి ఇల్లు చూసుకునేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాడు కూడా "సర్లే అక్కా" అన్నాడు. ఆ మాటే, ఆ గొంతే. కమిషన్ 2023లో ఈ రూల్‌ని దాదాపు అన్ని వ్యాపారాలకీ ప్రతిపాదించింది. 2024 డిసెంబరుకి ఖాయం చేసేటప్పుడు టికెట్లకీ, హోటళ్ళకీ కుదించేశారు. నెలల తరబడి ఉండే అద్దె ఇళ్ళు అందులో లేవు.

మెనూలో రాసుకో

ఇండియాలో ఇలాంటి గొడవే సర్వీస్ చార్జ్ మీద నడిచింది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జ్‌ని వాటంతటవే కలపకూడదు. వేరే ఏ పేరుతోనూ వసూలు చేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలు సరైనవేనంది.

ఆ "వేరే ఏ పేరుతోనూ" అన్న మాట నాకు చాలా నచ్చింది. అమెరికా రూల్ ఫీజుని చూపించమంది. ఇండియాలో ఇంకో అడుగు ముందుకేసి అసలు అలా కలపొద్దన్నారు. ధర పెంచుకోవడానికి ఎవరూ అడ్డుపడలేదు. 60 రూపాయల ఇడ్లీని 66 చేసుకో, కానీ మెనూలో రాసుకో. తినేవాడు ఇడ్లీ చూసి తినాలో వద్దో తేల్చుకుంటాడు. స్కీ హోటళ్ళకి నేను అడుగుతున్నదీ అంతే.

చిన్నప్పుడు తెనాలిలో మా వీధికి కూరగాయల బండి వచ్చేది. తూకం అయ్యాక అమ్మ సంచీ అలాగే పట్టుకుని నిలబడేది. బండామె గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు వేసేది. కొసరు. ధర ఒప్పుకుని తీసుకున్నందుకు అమ్మినావిడ వేసేది. వేయకపోతే అమ్మ కదిలేది కాదు. కొన్నవాళ్ళే అమ్మినవాళ్ళకి కొసరు వేసి రావడం నేను ఈ బిల్లులోనే చూశాను. హాట్ చాక్లెట్ ప్యాకెట్లిచ్చిన ఆ పెరూ అమ్మాయికి కొసరంటే ఏమిటో తెలుసు, ఎవరూ చెప్పకపోయినా.

గదిలో కలిపేస్తే నీకు మిగిలేదేమిటి, కట్టేది అంతేగా అని మా ఆయన మళ్ళీ అడిగారు. అవును, ఒక్క డాలరు కూడా మిగలకపోవచ్చు. కానీ 15 శాతం అంటే అప్పుడు నిజంగా 15 శాతం అవుతుంది. ఉచితం అన్న రాత్రి ఉచితంగా ఉంటుంది. ఏటా గది ధర కదలకుండా ఉంచి పక్క వరసని 42 నుంచి 48కి, 48 నుంచి 55కి జరపడం అంత సులువు కాదు. రిసెప్షన్‌లో ఉన్న పిల్ల ప్లాస్టిక్ కాగితం తీసి చదవక్కర్లేదు. ఇవి నాకు డబ్బుతో సమానమే. ఆయన ఈసారి వాదించలేదు, "అయితే ఏ హోటల్ బుక్ చేద్దాం?" అన్నారు.

కొలరాడో ఫ్రిస్కోలో బుక్ చేశాను. రిసార్ట్ ఫీజు లేదు, కారుకి డబ్బు లేదు, పొద్దున టిఫిన్ అందులోనే. లిఫ్టు దగ్గరికి నడిచి వెళ్ళలేం, స్కీలు పట్టుకుని సమ్మిట్ స్టేజ్ బస్సెక్కాలి. పిల్లలు ఇప్పుడు కాస్త పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ స్కీలు వాళ్ళే మోసుకుంటామన్నారు. హాట్ టబ్ ఉందా అని మాత్రం మావాడు రెండుసార్లు అడిగాడు. ఫోన్ చేసి కనుక్కున్నాను. ఉందట, పనిచేస్తోందట.

అన్నయ్యగారి వాళ్ళు ఇంకో హోటల్ కొంటున్నారు. పాత యజమానులు పెట్టిన అమెనిటీ ఫీజు రాత్రికి 20 డాలర్లు ఉందట. దాన్ని గదిలో కలిపేయమని అడిగాను. "నా ఒక్కడి చేతిలో లేదమ్మా, పార్ట్‌నర్లు ఒప్పుకోవాలి. మార్చిలో మీటింగ్ ఉంది, చూద్దాం" అన్నారు. ఇవాళ పొద్దున నా పాత బిల్లు వెతికి తీసి, 51 కిందా 47 కిందా ఎర్ర పెన్నుతో గీతలు గీసి, ఫోటో తీసి ఆయనకి పంపాను. మీటింగులో అందరికీ చూపించమని రాశాను.